వేరుశనగ కోత: ఇంటి పనిముట్టు, ఊరి యంత్రము

మన దేశచరిత్రములలో రాజుల జయాపజయములకు దొరకిన చోటు రైతుల పనిముట్లకు దొరకలేదు. పెనుకొండ కోటను గూర్చి యడిగినచో, 1565 వ సంవత్సరపు తళ్లికోట యుద్ధమునకు పిమ్మట విజయనగర ప్రభువులు తమ రాజధానిని అచటికి మార్చుకొనిరని బడిపిల్లవాడైనను చెప్పగలడు. ఆ కోట క్రింది చేలలో పంటను ఏ పనిముట్టుతో కోసిరి, ఎవరు కోసిరి, ఆ పనిముట్టు వెలను ఎవరు ఏ విధమున చెల్లించిరి అని యడిగినచో పండితులును తడబడుదురు. అయినను రాజధాని మారినప్పటికంటె కొడవలి మారినప్పుడే సామాన్యుని యింటి బ్రతుకు ఎక్కువగా మారుచుండును. కావున కోతపనిముట్ల కథ చరిత్రకు బయటిది కాదు. ఇంటి ఖర్చును, స్త్రీల కూలిని, అప్పుల పత్రములను ఒక్కచోట చూపు చరిత్ర యది.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడు పట్టణముల చుట్టునుగల మెట్టభూములలో ఈ కథ స్పష్టముగా కానవచ్చుచున్నది. ఇచ్చటి సన్నకారు రైతునకు తగిన కోతయంత్ర మేది? దాని వెల యెంత యుండవలెను? దానిని కొనవలసినవా రెవరు? ఈ ప్రశ్నలకు యంత్రములు చేయువారు చెప్పిన సమాధానములు అనేకములు. ఆ సమాధానములలో కొన్ని యేల నిలిచినవి, పెక్కు యేల నిలువలేదు అను సంగతిని విచారించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ మూడు పట్టణములును దత్తమండలములలోనివి. 1800 వ సంవత్సరమున నిజాము ఈ ప్రదేశమును ఇంగ్లీషు కంపెనీవారికి వదలుకొనెను. 1882 లో బళ్లారి జిల్లానుండి అనంతపురము జిల్లా వేరుపడినప్పుడు ఇవి యందు చేరినవి. 2022 లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో నేడున్నవి. పెన్నేరును చిత్రావతియు ఈ సీమ మీదుగానే ప్రవహించును గాని సంవత్సరములో ఎక్కువ కాలము వానిలో కనబడునది యిసుకయే. నైఋతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. తూర్పుసముద్రము దూరమగుటచే ఈశాన్యపు వానయు ఇచటికి చేరులోపల చిక్కిపోవును. సాలీనా కురియు వాన ఇంచుమించు 550 మిల్లీమీటర్లు. భూమి ఎఱ్ఱనిది, లోతు తక్కువది. తడిసినప్పుడు మెత్తన, ఎండినప్పుడు పెంకువలె గట్టి. ఈ తుదిమాటను చదువరులు గుర్తుంచుకొనవలెను. కోతయంత్రములకు వచ్చిన కష్టములలో సగము దీనినుండియే పుట్టినవి.

పూర్వము ఈ సీమలో రాగి, జొన్న, కొఱ్ఱ, సామ, ఉలవ మొదలైన పంటలే ప్రధానములు. విత్తుటకు గొఱ్ఱు, కలుపునకును పైమట్టిని కదల్చుటకును గుంటక, కోయుటకు కొడవలి, నూర్చుటకు ఎద్దులకాళ్లును రాతిగుండును ఉండెను. గుంటక యనునది మిక్కిలి సులభమైన పనిముట్టు. ఒక కొయ్యదూలము, దానికి రెండు కాళ్లు, ఆ కాళ్లకు అడ్డముగా బిగించిన పదునైన ఇనుపపట్టీ, పైన ఒక మేడి. ఎద్దులు లాగినప్పుడు ఆ పట్టీ నేలలోపల రెండు మూడంగుళముల లోతున ప్రాకుచు వేళ్లను కోసివేయును. దీనిని చేయుటకు ఊరి వడ్రంగియు కమ్మరియు చాలుదురు. విఱిగినచో ఆ సాయంకాలమే బాగుపడును.

ఈ పనిముట్ల వెలను చెల్లించు రీతి ఇంకను గమనింపదగినది. కమ్మరియు వడ్రంగియు ఊరి ఆయగాండ్రలోనివారు. వారికి రొక్క మిచ్చుట అరుదు. కల్లములో రాశి పడినప్పుడు వారి వారి మేర కొలిచి యిచ్చుచుండిరి. అనగా పనిముట్టు వెల పంటతో ముడిపడియుండెను. పండిన యేట కమ్మరియింట గింజ లుండును. పండని యేట రైతును కమ్మరియు కలిసియే పస్తుండిరి. ఈ యేర్పాటు న్యాయమైనదని యెవ్వరును చెప్పజాలరు. పుట్టిన కులమును బట్టి పనియు, పనిని బట్టి పిడికెడు గింజలును నిర్ణయమగు పద్ధతిలో క్రిందివారికి దక్కినది స్వల్పము. అయినను అందొక గుణము కలదు: పంట పోయిన యేట పనిముట్టుకొఱకు రైతు ఋణపత్రము వ్రాయవలసిన యవసరము లేకుండెను. తరువాత వచ్చిన యంత్రము లన్నియు ఈ గుణమును పోగొట్టినవి. యంత్రపు కంతు వానను ఎదురుచూడదు.

దొరతనమువారు చెన్నరాజధానిలో వ్యవసాయమును బాగుచేయ సంకల్పించి, గవర్నరు డెనిసనుగారి కాలమున 1865 ప్రాంతమున చెన్నపట్టణము చెంత సైదాపేటయందు ప్రయోగక్షేత్రమును నెలకొల్పిరి. ఇంగ్లండునుండి ఆవిరినాగళ్లు, విత్తు యంత్రములు, నూర్పిడి యంత్రములు, తూర్పారపట్టు యంత్రములు ఓడలమీద వచ్చినవి. అవి చూడ వచ్చినవారికి ఆశ్చర్యము కలిగించినవి గాని వారి చేలకు వెళ్లలేదు. ఆవిరినాగలికి వందల యెకరముల ఏకఖండమైన భూమి కావలెను. ఇంగ్లీషు గుఱ్ఱమునకై చేసిన పరికరమును మన చిన్న యెద్దులు లాగజాలవు. ఒక మర విఱిగినచో దానికి బదులు ఓడలో రావలెను. ఇంతలో 1876 నుండి 1878 వఱకు మహాక్షామము వచ్చి బళ్లారి, అనంతపురము ప్రాంతములలో మనుష్యులతోపాటు పశువులను గూడ హరించెను. బరువైన యంత్రమును లాగుమని చెప్పుటకు కాడికి ఎద్దులే కఱవైనవి.

1889 లో మన దేశమునకు వచ్చి, 1893 లో ప్రకటింపబడిన నివేదికను వ్రాసిన వోల్కరు అను రసాయనశాస్త్రజ్ఞుడు, భారతీయ రైతు అజ్ఞాని యను అపవాదమును ఖండించెను. మన పనిముట్లు ఇచటి భూమికిని పశువులకును రైతు చేతి సొమ్మునకును తగినవేయనియు, వానికంటె మంచివాని నిచ్చుట తలచినంత సులభము కాదనియు ఆయన యభిప్రాయము. 1928 లో వెలువడిన రాయల్ వ్యవసాయ కమీషను నివేదికయు, క్రొత్త యంత్రములను దిగుమతి చేయుటకంటె ఉన్న పనిముట్లనే బాగుచేయుట మేలని తలచినది. అనగా మొదటి పాఠము అరువదేండ్లలో నేర్చినదే. కాని నేర్చిన పాఠమును మరచుటయు మన శాఖలకు పరిపాటియే.

ఇక పాశ్చాత్యదేశములలో కోతయంత్ర మెట్లు వ్యాపించెనో చూతము. స్కాట్లండునందు పాట్రిక్ బెల్ అను యువకుడు 1820 ల చివర కోతయంత్రమును నిర్మించెను. తరువాత క్రైస్తవ గురువైన ఆయన దానికి పేటెంటు తీసికొనలేదు. అమెరికాలో సైరస్ మెకార్మిక్ 1831 లో తన యంత్రమును నడిపి చూపి, 1834 లో పేటెంటు పొంది, 1847 లో చికాగో నగరమున కర్మాగారము స్థాపించెను. ఆయన జయమునకు యంత్రమెంత కారణమో, విడతలవారీగా సొమ్ము పుచ్చుకొను పద్ధతియు అంతే కారణము. కోత యైన పిమ్మట రైతు బాకీ తీర్చవచ్చును. మన మేర పద్ధతిలోని గుణమునే ఆయన వర్తకమున వేఱొక రూపమున వాడుకొనె ననవచ్చును.

దీనినిగూర్చి అర్థశాస్త్రజ్ఞుల నడుమ ఒక వాదము నడచినది. పాల్ డేవిడ్ అను ఆచార్యుడు 1966 లో లెక్కవేసి, 1850 ప్రాంతమున ఇంచుమించు 46 ఎకరములకు తక్కువ పైరుగల రైతునకు కోతయంత్రము కొనుట గిట్టదనియు, కూలి పెరిగిన కొలది ఆ హద్దు తగ్గెననియు చెప్పెను. 1975 లో ఆలన్ ఆల్మ్‌స్టెడ్ అను ఆయన దీనిని ఆక్షేపించి, అనేక చిన్న రైతులు ఇద్దరు ముగ్గురు కలిసి యంత్రమును కొనిరనియు, బాడుగకు తెచ్చుకొనిరనియు, కావున ఒంటి రైతు భూమినిబట్టి హద్దు కట్టుట తగదనియు చూపెను. మనకు ఈ వాదము మిక్కిలి యుపయోగకరము. యంత్రము చవుకయా, ప్రియమా అను ప్రశ్నకు అంగడి వెల సమాధానము కాదు. అది యెన్ని దినములు పని చేయును, ఎందఱ చేలలో పని చేయును అనునదియే సమాధానము.

ఉదాహరణమునకు ఒక లెక్క వేసికొందము. లక్ష రూపాయల యంత్రము పదియేండ్లు పనిచేయు ననుకొందము. మూడెకరముల రైతునకు ఏటికి రెండు దినములే దానితో పని. పదియేండ్లకు ఇరువది దినములు. వడ్డీయు మరమ్మతును లెక్కింపకయే దినమునకు 5,000 రూపాయలు పడినది. అదే యంత్రము పదునైదు కుటుంబముల చేలలో తిరిగినచో ఏటికి ముప్పది దినములు, పదియేండ్లకు మూడువందలు. దినమునకు 333 రూపాయలు. కావున పంచుకొనుటయే పరిష్కారమని తోచును. కాని మెట్టసీమలో దీనికొక పెద్ద యడ్డంకి కలదు. అది తెలియవలెనన్న వేరుశనగ పంటయొక్క స్వభావము తెలియవలెను.

వేరుశనగ మన సీమకు బయటినుండి వచ్చిన పైరు. దక్షిణామెరికా దాని పుట్టినిల్లు. దీనిని మనవారు బుడ్డలనియు శనక్కాయలనియు పిలుచుకొని సొంతము చేసికొనిరి. దక్షిణార్కాడు జిల్లాలోని తిండివనము పరిశోధనక్షేత్రము 1940 లో విడుదల చేసిన టి.ఎం.వి. 2 అను గుత్తిరకము దశాబ్దములు ఈ ప్రాంతపు చేలను ఏలినది. కదిరి పరిశోధనక్షేత్రము తరువాత తన పేరుతోనే అనేక రకముల నిచ్చినది. 1986 లో కేంద్రప్రభుత్వము నూనెగింజల సాంకేతిక ఉద్యమమును ఆరంభించిన తరువాత రాగి, కొఱ్ఱ చేలు గూడ బుడ్డలచేలైనవి. 2000 తరువాతి సంవత్సరములలో నాటి అనంతపురము జిల్లాలో ఈ యొక్క పంటయే ఏడెనిమిది లక్షల హెక్టార్లలో వ్యాపించెను, పిమ్మట తగ్గినది. ఇంతటి భూమి ఒక్క పంటకు, ఒక్క వానకు, ఒక్క అప్పుకు కట్టుబడియుండుట ఎంత ప్రమాదమో వరుస కఱవులు చూపినవి.

రాగి వెన్ను కంటి ఎదుట నుండును, కొడవలితో కోయవచ్చును. వేరుశనగ కాయ నేలలో దాగియుండును. పువ్వు రాలిన పిమ్మట ఊడ దిగి, మట్టిలో చొచ్చి, అచట కాయ గట్టును. కావున దీని కోత నాలుగు పనులు: మొక్కను వేరుతో కదల్చుట, పెఱికి మన్ను దులుపుట, ఆరబెట్టి వామి వేయుట, కట్టెనుండి కాయలను వేఱుచేయుట. మొదటి పనికి గడువు మిక్కిలి స్వల్పము. గుత్తిరకము విత్తిన నూటఐదు, నూటపది దినములకు కోతకు వచ్చును. ఆ సమయమున నేలలో తడి యున్నదా, మొక్క సులభముగా వచ్చును. తడి ఆరినదా, ఎఱ్ఱనేల గట్టిపడి ఊడలు తెగి కాయలు భూమిలోనే నిలిచిపోవును. పండిన చేనిపై మరల వాన పడినదా, గుత్తిరకపు గింజ నిద్ర యెఱుగనిది గనుక నేలలోనే మొలకెత్తును. ఆఱునెలల కష్టము ఆఱుదినముల ఆలస్యముచే పోవుట ఇట్లు.

ఇప్పుడు పైని చెప్పిన యడ్డంకి స్పష్టమగును. మెట్టసీమలో ఊరి వారందఱును ఒక్క వానకే విత్తుదురు. కావున అందఱ చేలును ఒక్క వారములోనే పండును. పదునైదు కుటుంబములకు ఒక్క యంత్రమున్నచో మొదటి రైతు నవ్వును, పదునైదవ రైతు ఏడ్చును. ఇల్లినాయి గోధుమచేలలో చెల్లిన పంపకము ఇచట అట్లే చెల్లదు. అయితే నాలుగవ పని, అనగా కాయలు వేఱుచేయుట, అట్టిది కాదు. ఎండిన కట్టెను వామి వేసి కప్పియుంచినచో అది కొన్ని వారములు నిరీక్షింపగలదు. కోతలోనే ఆగని పని యొకటి, ఆగగల పని యొకటి కలవన్న మాట. ఆగని పనికి ప్రతి యింటను ఉండదగిన చవుక పనిముట్టు కావలెను. ఆగగల పనికి ఊరంతయు పంచుకొనదగిన యంత్రము కావలెను. ఈ భేదము నెఱిగి చేసిన యంత్రములే యీ సీమలో నిలిచినవి.

నిలిచినవానిలో మొదటిది మన పాత గుంటకయే. కలుపుకొఱకు పుట్టిన ఆ పట్టీని కొంచెము లోతుగా దింపి, వేరుశనగ మొక్కల క్రిందుగా నడిపినచో వేళ్లు తెగి మన్ను వదులగును. పిమ్మట మొక్కలను చేతితో సులభముగా ఏరవచ్చును. ట్రాక్టర్లు వచ్చిన పిమ్మట అదే పట్టీని వెడల్పు చేసి, ఉక్కుతో చేసి, ట్రాక్టరు వెనుక బిగించిరి. దాని రూపము చూచినవా రెవరైనను అది గుంటకకు మనుమడని గుర్తింతురు. ఇందులో తిరుగు చక్రములు లేవు, తెగిపోవు పట్టాలు లేవు. పదును పోయినచో కొలిమిలో కాల్చి సాగగొట్టవచ్చును. పట్టణపు వెల్డింగు అంగడివాడు దీనిని చేయగలడు, బాగుచేయగలడు. ఎద్దులున్నవానికి ఎద్దుల గుంటక, లేనివానికి బాడుగ ట్రాక్టరు. రెంటికిని సూత్ర మొక్కటే.

దీనికి ప్రక్కగా నిలువని యంత్రమును గూడ చూడవలెను. 1972 లో హైదరాబాదు చెంత పటాన్‌చెరువున స్థాపింపబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ సంస్థ మెట్టపంటలకై మహోపకారము చేసినది. వేరుశనగపై దాని పరిశోధనలు లోకవిఖ్యాతములు. ఆ సంస్థవారు 1970 లలోను 1980 లలోను ట్రాపికల్టరు అను రెండుచక్రముల యెద్దుల యంత్రమును ప్రోత్సహించిరి. దీనికి మూలకల్పన చేసినవాడు ఝాఁ నోల్ అను ఫ్రెంచి నిర్మాత. ఒక్క చట్రమునకే నాగలి, గొఱ్ఱు, గుంటక, బండి అన్నియు అమర్చవచ్చును. ప్రయోగక్షేత్రములో అది చక్కగా పనిచేసెను. కాని సన్నకారు రైతు చేతికి అది దొరకునంతటి వెలలో లేదు. దొరకినవారును పెక్కుచోట్ల దానిని బండిగా మాత్రమే వాడుకొనిరి. పాల్ స్టార్కీ అను పరిశోధకుడు 1988 లో ఇట్టి యంత్రముల చరిత్రను లోకమంతట విచారించి, ముప్పదియేండ్లలో నలుబదియైదు రకములకు మించి ఇంచుమించు పదివేల యంత్రములు తయారైనను, వానిని ఉద్దేశించిన విధమున ఏండ్ల తరబడి వాడిన రైతులు లెక్కకు రానంత తక్కువయని తేల్చెను. పరిపూర్ణమయ్యును తిరస్కృతమైన దని ఆయన తన గ్రంథమునకు పెట్టిన పేరే తీర్పు. అన్ని పనులకును ఒక్క యంత్ర మనుట వినుట కింపు. ఒక్క భాగము చెడినచో అన్ని పనులును నిలిచిపోవు ననుట రైతు యెఱిగిన సత్యము.

ఇక ఆగగల పనిని, అనగా కాయలు వేఱుచేయుటను గూర్చి చెప్పవలెను. ఈ వ్యాసమున మిక్కిలి కష్టమైన ప్రశ్న యిదియే. తరతరములుగా ఈ పని స్త్రీలది. వామి చుట్టును కూర్చుండి, ఉదయమునుండి సాయంకాలమువఱకు, కట్టెను చేతబట్టి కాయలను తెంపుదురు. తెంపినదానిని కొలిచి కూలి యిత్తురు. వ్రేళ్లు పగులును, నడుము పట్టును, ధూళి రొమ్మున చేరును. అయినను మెట్టసీమ పేదరాలికి సంవత్సరములో చేతికి గింజలో రొక్కమో తగులు కొలది దినములలో ఇవి కొన్ని. ట్రాక్టరుచే నడచు నూర్పిడి యంత్రము ఇరువదిమంది దినమంతయు చేయు పనిని స్వల్పకాలములో ముగించును. రైతునకు లాభము. ఆ యిరువదిమంది సంగతి యేమి?

ఈ ప్రశ్న మనకే క్రొత్తగా వచ్చినది కాదు. జపానుదేశమున పదునేడవ శతాబ్దము చివర దంతముల వరుసగల వడ్ల దువ్వెన యొకటి వచ్చినది. వెన్నును అందులో దూర్చి లాగినచో గింజలు రాలును. అంతకుముందు ఆ పనిచే బ్రతికినవారిలో వితంతువులు పెక్కుమంది. కావున జనులు ఆ పనిముట్టునకు వితంతువులను కూలద్రోయునది యని పేరు పెట్టిరి. ఇంగ్లండున 1830 లో కూలివాండ్రు శీతకాలపు బత్తెమును హరించిన నూర్పిడి యంత్రములను ఊరూరను విఱుగగొట్టిరి. వారిని మూఢులని చరిత్రకారు లొకప్పుడు వ్రాసిరి గాని, వారు అడిగిన ప్రశ్న మూఢమైనది కాదు: యంత్రము ఆదాచేసిన కష్టముయొక్క ఫలము ఎవరి యింటికి పోవుచున్నది?

స్త్రీలను ఆ ధూళిలోనే కూర్చుండబెట్టుట సంస్కారము కాదు. వారి పనిని తీసివేసి వారిని మరచుటయు సంస్కారము కాదు. మూడవ మార్గ మొకటి కలదు. కాయలు వేఱుచేయు యంత్రము స్త్రీల సంఘముదే యైనచో, బాడుగ వారికి వచ్చును, నడుపువారును వారే యగుదురు. 1990 తరువాత మన రాష్ట్రమున పొదుపుసంఘములు పల్లెపల్లెను వెలసి, స్త్రీలు లెక్కలు వ్రాయుటను, బ్యాంకులో అప్పు తెచ్చి తీర్చుటను నేర్చిరి. మెట్టసీమ కూలిజనుల హక్కునకు అనంతపురము జిల్లాలోనే చరిత్ర కలదు. 2006 ఫిబ్రవరి 2 వ తేదీన జాతీయ గ్రామీణ ఉపాధి పథకము ఆరంభమైనది నార్పల మండలములోని బండ్లపల్లెలోనే. కూలికి హక్కు కలదని ఒప్పుకొన్న నేల, కూలికి బదులు వచ్చిన యంత్రముమీద కూలిదానికి భాగము కలదని ఒప్పుకొనుటకు ఏల వెనుదీయవలెను?

యంత్రమును చేయువారు ఎవరి మాట వినవలెనో చెప్పుటకు నేతపనినుండి ఒక దృష్టాంతము తగియున్నది. ధర్మవరపు పట్టుచీరలను గట్టుకొను గృహిణులకు ఇది చేరువగానే యుండును. పోచంపల్లి చీరలకు ఆసు పోయుట యను పని కలదు; చేతిని వేలసారులు ముందునకు వెనుకకు ఆడింపవలెను. తెలంగాణములోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము తన తల్లి భుజపునొప్పిని చూచి, 1992 లో పూని, 1999 నాటికి ఆసుయంత్రమును సిద్ధపఱచెను. 2017 లో ఆయనకు పద్మశ్రీ బిరుదము వచ్చినది. ఆయన పెద్ద చదువులు చదివినవాడు కాడు. కాని ఆ పని యే యెముకను నొప్పించునో ఎఱిగినవాడు. వేరుశనగ కోతయంత్రమును కల్పించువారును ముందుగా వామి చుట్టును కూర్చున్న స్త్రీల చెంత కూర్చుండవలెను.

అట్లు కూర్చున్నచో ప్రయోగశాలలో తోచని సంగతులు కొన్ని తోచును. మొదటిది మేత. నగరవాసికి పంట యనగా కాయయే. రైతునకు కట్టెయు పంటయే. కఱవు సంవత్సరమున పశువులను కాపాడునది ఆ కట్టె. కాయలను చక్కగా వేఱుచేసి కట్టెను ధూళిగా మార్చు యంత్రము రైతు దృష్టిలో సగము పంటను పారవేసినదే. రెండవది కాయ పగులకుండుట. పగిలిన కాయలో తడి చేరినచో బూజు పట్టును. ఆ బూజులలో నొకటి అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960 లో ఇంగ్లండున వేరుశనగపిండిని తిన్న సీమకోళ్లు లక్షకు పైగా చచ్చినప్పుడు ఈ విషము లోకమునకు తెలిసినది. తొందరపడి పగులగొట్టు యంత్రము వెలను తగ్గించుటయే గాక తినువారి ఆరోగ్యమునకు గూడ హాని చేయును. మూడవది విత్తనము. సన్నకారు రైతు తన పంటలోనే మరుసటి యేటి విత్తనమును దాచుకొనును. లోపలి గింజకు దెబ్బ తగిలినచో ఆ విత్తనము మొలవదు. మేతయు, కాయయు, విత్తనమును మూడును నిలుపు యంత్రమే మెట్టరైతునకు మంచి యంత్రము. దాని వేగము కొంత తక్కువైనను నష్టము లేదు.

పంచుకొనుటకు ఏర్పాట్లు లేకపోలేదు. 2014 లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన వ్యవసాయ యాంత్రీకరణ పథకమున బాడుగ కేంద్రములకు సహాయము కలదు; 2022 లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము రైతుసంఘములకు యంత్రములు సామూహికముగా ఇచ్చు పథకమును ఆరంభించెను. ఉద్దేశము మంచిది. కాని బాడుగ కేంద్రమునకు ట్రాక్టరు వచ్చుట సులభము, గుంటకపట్టీ వచ్చుట కష్టము. పెద్ద వెలకు పెద్ద సబ్సిడీ యుండును. చిన్న పనిముట్టునకు ప్రారంభోత్సవము చేయు పెద్ద లెవరు? మఱియు మన సీమలో వాన చెదరి కురియునది. ఒక యూర విత్తిన పది పదునైదు దినములకు గాని ప్రక్క యూర విత్తరు. కావున నూర్పిడి యంత్రమును ఒక్క యూరికి కట్టక, వానవెంట పండిన వరుసలో అయిదాఱు ఊళ్లకు త్రిప్పినచో దాని దినములు పెరుగును, బాడుగ తగ్గును. మన పెద్దలు ముయ్యి యని పిలిచిన చేబదులు పద్ధతి, నేడు నీ చేనికి నేను, రేపు నా చేనికి నీవు అను నియమము, ఇందులకు తగిన పునాది. క్రొత్త సంఘమునకు పాత ముయ్యి నేర్పవలసినది ఇంకను కలదు.

పెనుకొండ చెంత ఎఱ్ఱమంచి వద్ద 2019 లో కొరియాదేశపు కియా సంస్థవారి మోటారుకార్ల కర్మాగారము పని ఆరంభించెను. ఆరంభమున ఏటికి మూడులక్షల బండ్లు తయారుచేయు శక్తి దానికి ఉండెనట. అందు యంత్రపుచేతులు ఇనుమును అతుకుచుండ, కొలది మైళ్ల దూరములో మనుష్యులచేతులు వేరుశనగ కాయలను ఒక్కొక్కటిగా తెంపుచుండుట యెవరికైనను ఆలోచన పుట్టింపవలెను. ఈ సీమలో ఇనుమునకును నైపుణ్యమునకును కొదువ లేదు. కొదువ యంతయు సన్నకారు రైతు చేనిని పనిచేయదగిన సమస్యగా భావించుటలోనే యున్నది. ఆంధ్రప్రదేశమున సగటు కమతము 2015-16 లెక్కలలో ఒక హెక్టారునకు లోబడియున్నది. అట్టి కమతమును పెద్ద యంత్రమునకు సరిపడునట్లు మార్చుట మన వశము కాదు. యంత్రమునే దానికి సరిపడునట్లు మార్చవలెను.

ఇంత చెప్పుటచే తేలినదేమి? సైదాపేట ఆవిరినాగలియు, ట్రాపికల్టరును చెడ్డ యంత్రములు కావు. అవి వేఱొకరి చేనికై చేసిన యంత్రములు. పాత గుంటకపట్టీ గొప్ప యంత్రము కాదు. అది ఈ నేల యడిగిన ప్రశ్నకు సమాధానము. ఆగని పనికి ఇంటి పనిముట్టు, ఆగగల పనికి ఊరి యంత్రము, ఆ యూరి యంత్రముమీద పని కోల్పోయిన స్త్రీలకే మొదటి హక్కు: ఈ మూడు మాటలను యంత్రము కల్పించువారును, దానికి సొమ్మిచ్చువారును జ్ఞాపకముంచుకొనిన చాలును.

గృహస్థులైన చదువరులకును ఇందు కర్తవ్యము లేకపోలేదు. మనలో అనేకులకు ఊరిలో ఇంకను కొంత భూమి గలదు. కౌలుకో పాలికో ఇచ్చి పట్టణములలో నుందుము. సంఘమునకు యంత్రము కావలసివచ్చినప్పుడు మొదటి సొమ్మును వడ్డీలేక యిచ్చుట, కంతును పంటతో ముడిపెట్టి కఱవు యేట ఆపుట, కూలి కొలతలో స్త్రీలకు మోసము జరుగకుండ చూచుట మన చేతిలోని పనులే. పిల్లలకు పెనుకొండ కోట బురుజులను చూపుడు; తప్పు లేదు. దిగివచ్చునప్పుడు క్రింది చేనిలో నడచు గుంటకను గూడ చూపి, దానిని ఎవరు చేసిరో, ఎంత కాలమునుండి అది మనలను పోషించుచున్నదో చెప్పుడు. ఆ పట్టీని ఇంకొంచెము మంచిదిగా చేయవలెనను కోరిక వారిలో ఒక్కరికైనను కలిగినచో, అది ఈ సీమకు పెద్ద మేలు.